‘116’ వెనుక విజయనగరం విద్యార్థి
అపరాధ నవల నుంచి సాహిత్య చరిత్ర దాకా ఆరుద్ర అన్వేషణ

విజయనగరం: తెలుగు తెరపై తొలి గూఢచారి చిత్రంగా పేరొందిన ‘గూఢచారి 116’ 1966 ఆగస్టులో విడుదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు ఒకదాని వెంట ఒకటి అచ్చవుతున్నాయి. మొదటిది తుపాకుల మోతతో సాగే వినోదం. రెండోది వెయ్యేళ్ల సాహిత్యానికి పట్టిన దివిటీ. ఈ రెండింటికీ పని చేసిన కలం ఒక్కటే. అది ఆరుద్ర కలం. విజయనగరం మహారాజా కళాశాలలో చదివి, ఇక్కడి కవిపండితుల సాంగత్యంలో రాటుదేలిన ఆ కలం అపరాధ నవలను చిన్నచూపు చూడలేదు, సాహిత్య చరిత్రను చూసి బెదరలేదు. 2025తో ఆయన శతజయంతి పూర్తయింది. కవిగా, పాటల రచయితగా ఆయనను తలచుకునేవారు ఎందరో ఉన్నా, ఉత్కంఠ కథను తెలుగు తెరకు మలచిన రచయితగా తలచుకునేవారు తక్కువ.

విశాఖలో పుట్టి.. విజయనగరం చేరి..

ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. 1925 ఆగస్టు 31న విశాఖపట్నంలో జన్మించారు. మహాకవి శ్రీశ్రీ ఆయనకు మేనమామ వరుస. విశాఖలో ఏవీఎన్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించుకుని 1942లో కళాశాల విద్య కోసం విజయనగరం వచ్చారు.

అప్పటికి విజయనగరం కేవలం పూసపాటివారి కోట ఉన్న ఊరు కాదు. గురజాడ అప్పారావు పాఠాలు చెప్పిన కళాశాల, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ వినిపించిన సంగీత కళాశాల ఉన్న పట్టణం. కథకుడు చాగంటి సోమయాజులు, బహుభాషావేత్త రోణంకి అప్పలస్వామి, అధివాస్తవిక కవి శ్రీరంగం నారాయణబాబు ఇక్కడ సాహిత్య గోష్ఠులు నడిపేవారు. చాసోగా ప్రసిద్ధుడైన సోమయాజులు శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడ్డారు. రోణంకి మహారాజా కళాశాలలో ఆంగ్లం బోధిస్తూనే ఫ్రెంచి మొదలైన ఐరోపా భాషల సాహిత్యాన్ని మూలంలో చదివి శిష్యులకు రుచి చూపించేవారు.

పదిహేడేళ్ల శంకరశాస్త్రికి ఈ గోష్ఠులే అసలైన తరగతి గదులయ్యాయి. వామపక్ష భావాలు, ప్రపంచ సాహిత్యంపై ఆసక్తి, ఏ రచననైనా గుడ్డిగా మెచ్చుకోక ప్రశ్నించే అలవాటు ఆయనకు ఇక్కడే అబ్బాయి. ఏ దేశపు కథ అయినా మనిషిని పట్టుకుంటే మన కథే అవుతుందన్న ఎరుక తర్వాతి రోజుల్లో ఆయనకు అన్నం పెట్టింది.

వాయుసేన నుంచి మద్రాసుకు

రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా 1943లో ఆయన చదువు విడిచి వాయుసేనలోని వాద్య బృందంలో చేరారు. 1947 దాకా ఆ ఉద్యోగంలో కొనసాగారు. అనంతరం మద్రాసు చేరి ‘ఆనందవాణి’ పత్రిక సంపాదకత్వం చేపట్టారు. ఆరుద్ర నక్షత్రం పేరును కలం పేరుగా చేసుకున్న ఆయన 1949లో ‘త్వమేవాహం’ కావ్యంతో సాహిత్య లోకాన్ని ఉలిక్కిపడేలా చేశారు. తెలంగాణలో రజాకార్ల అకృత్యాలు ఆ కావ్యానికి నేపథ్యం. కాలాన్ని కొలిచే గడియారాల ప్రతీకలతో మృత్యువును, మనిషిని ఎదురెదురుగా నిలబెట్టిన ఆ రచన తొలి పఠనంలో కొరుకుడు పడదు. చిక్కుముడి విప్పుకున్నకొద్దీ అర్థమవుతుంది. పాఠకుడి చేతికి ఆధారాలు ఇచ్చి ముడి విప్పే పని అతడికే వదిలిపెట్టడం ఆరుద్రకు మొదటినుంచీ ఉన్న స్వభావం.

కావ్యం కీర్తి తెచ్చింది గానీ కడుపు నింపలేదు. మద్రాసులో బతకాలంటే సినిమాయే దిక్కు. 1950లో ‘బీదలపాట్లు’ చిత్రంతో ఆయన పాటల రచయితగా అడుగుపెట్టారు. విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన ఫ్రెంచి నవలకు అది తెలుగు రూపం. రొట్టె దొంగిలించి జైలుకు వెళ్లిన మనిషి, విడుదలయ్యాక కూడా అతడిని నీడలా వెంటాడే పోలీసు అధికారి ఆ కథకు మూలం. చిత్తూరు నాగయ్య కథానాయకుడిగా నటించారు. నేరం, వేట, దాగిన గతం అనే మూడు దినుసులున్న ఫ్రెంచి నవలతోనే ఆరుద్ర సినీజీవితం మొదలుకావడం విశేషం.

1954లో రచయిత్రి కె.రామలక్ష్మిని వివాహమాడారు. దంపతులిద్దరూ కలాన్నే నమ్ముకుని జీవించారు.

చిన్నచూపునకు గురైన నవల

ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో తెలుగునాట అపరాధ పరిశోధక నవలలు విరివిగా అమ్ముడయ్యేవి. అంతకు పూర్వమే వంగ రచయిత పాంచకడీ దేవ్ నవలలు తెలుగులోకి అనువాదమై పాఠకులను మరిగించాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఇంటింటికీ పరిచితులయ్యారు. అయితే ఈ పుస్తకాలకు పాఠకులు ఉన్నంతగా పరువు లేదు. పిల్లలు పాఠ్యపుస్తకంలో దాచుకుని చదివేవారు. పెద్దలు చదివి కూడా చదివినట్లు చెప్పుకునేవారు కాదు. పండితులు వాటిని సాహిత్యం కింద జమకట్టలేదు.

ఆరుద్ర ఈ గీతను లెక్కచేయలేదు. ‘పలకల వెండి గ్లాసు’ వంటి డిటెక్టివ్ రచనలు తన పేరుతోనే వెలువరించారు. ఆధునిక కావ్యం రాసిన చేత్తో హత్య కథ రాయడం కొందరికి మింగుడు పడలేదు. కానీ చదరంగం, ఇంద్రజాలం వంటి విద్యలపై మక్కువ ఉన్న మనిషికి అపరాధ కథ అదే కోవలోని బుద్ధి వినోదం. ఎత్తు వేయడం, ఎదుటివారి చూపు మళ్లించడం, చివరికి ముడి విప్పడం మూడింటికీ సమానమే.

విజయనగరం వాసన తగిలిన వారికి ఈ విద్య కొత్తదీ కాదు. ‘కన్యాశుల్కం’ నాటకంలో కరటకశాస్త్రి తన శిష్యుడైన మహేశానికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్లి చేయిస్తాడు. ఆపై ఆ పెళ్లికూతురు మాయమవుతుంది. ముసలివాడు కొత్త పెళ్లాన్ని చంపేశాడన్న పుకారు పుట్టి కేసు దాకా పోతుంది. హత్య జరగలేదని ప్రేక్షకుడికి తెలుసు. పాత్రలకు తెలియదు. ఆ తేడాలోంచే నవ్వు పుడుతుంది, ఉత్కంఠ కూడా పుడుతుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన నాటకంలోనే గురజాడ ఈ కిటుకు వాడారు. జీవితాంతం గురజాడను చదివిన ఆరుద్రకు ఆ కిటుకు విలువ తెలియనిది కాదు.

కలకత్తా నవల.. బ్యాంకాక్ చిత్రం.. తెలుగు గూఢచారి

ఫ్రాన్స్‌లో జాన్ బ్రూస్ అనే రచయిత 1949 నుంచి ‘ఓఎస్ఎస్ 117’ అనే గూఢచారి పాత్రతో నవలలు రాశారు. ఇయాన్ ఫ్లెమింగ్ సృష్టించిన జేమ్స్‌బాండ్ తొలి నవల 1953లో వచ్చింది. అంటే ఫ్రెంచి గూఢచారి బాండ్ కంటే నాలుగేళ్లు పెద్ద. 1963లో బ్రూస్ రోడ్డు ప్రమాదంలో మరణించారు. ఆయన నవలల్లో కలకత్తా పేరును శీర్షికలో నింపుకున్న ఒకదాని ఆధారంగా ఆంద్రే యూనెబెల్ దర్శకత్వంలో 1964లో ఒక చిత్రం తయారైంది. నవల పేరులో కలకత్తా ఉన్నా సినిమా పేరులోకి బ్యాంకాక్ వచ్చింది. నవల నుంచి సినిమాకు వచ్చేసరికి ఊరే మారిపోయింది.

ఈ చిత్రాన్ని నిర్మాత డూండీ చూశారు. అటువంటి కథ తెలుగులో తీయాలని సంకల్పించి రచన బాధ్యత ఆరుద్రకు అప్పగించారు. దర్శకుడు ఎం.మల్లికార్జునరావు. ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్. సంగీతం టి.చలపతిరావు. ‘తేనెమనసులు’ చిత్రంలో స్కూటరుపై చేసిన సాహస సన్నివేశం చూసి కృష్ణను కథానాయకుడిగా ఎంపిక చేశారు. కథానాయిక జయలలిత.

రచయిత ముందున్న సమస్య చిన్నది కాదు. అప్పటి తెలుగు ప్రేక్షకుడికి పౌరాణికం తెలుసు, జానపదం తెలుసు, కుటుంబ కథ తెలుసు. దేశం కోసం రహస్యంగా పనిచేసే ఉద్యోగి, అతడి సంఖ్య, అతడి సంకేతాలు తెలియవు. విదేశీ గూఢచారికి ఇల్లూ వాకిలీ ఉండవు, బంధాలు ఉండవు. అలాంటి మనిషిని ఉన్నవాడిని ఉన్నట్లు దించితే పల్లెటూరి ప్రేక్షకుడు అతడిని తనవాడిగా ఒప్పుకోడు. పాటలు, హాస్యం, ప్రేమ కథ లేనిదే సినిమా నడవదు. అవి ఎక్కువైతే ఉత్కంఠ సడలుతుంది. వినోదానికీ బిగువుకూ మధ్య తూకం పట్టడమే అనుసరణ రచయిత పని. తూకం తప్పితే నిర్మాత పెట్టుబడి, కొత్త కథానాయకుడి భవిష్యత్తు రెండూ పోతాయి.

చిత్రానికి పెట్టిన సంఖ్యలోనే తెలుగుదనం కనిపిస్తుంది. ఫ్రెంచి గూఢచారి సంఖ్య 117. ఒక్క అంకె తగ్గితే 116. నూటపదహార్లు అనగానే తెలుగు ఇంట సంభావన, కట్నం, చదివింపు గుర్తుకొస్తాయి. పరాయి దేశపు సంకేత సంఖ్య ఒక్క అంకె తేడాతో మన ఇంటి మాట అయింది. టిక్కెట్టు కొనే మనిషికి ఆ పేరు వివరించి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

కథ ఎత్తుగడ కూడా బిగువైనదే. శోభన్‌బాబు పోషించిన 303 అనే గూఢచారి ఆరంభంలోనే హతమవుతాడు. అతడు వదిలివెళ్లిన పని 116 చేతికి వస్తుంది. తనకు ముందు వచ్చినవాడి గతి ఏమైందో ప్రేక్షకుడు కళ్లారా చూశాడు కనుక, కథానాయకుడు తలుపు తెరిచిన ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది. ఎవరు చంపారన్న ప్రశ్న కంటే వీడు బతుకుతాడా అన్న ప్రశ్నే కథను నడిపిస్తుంది. అపరాధ పరిశోధనకూ ఉత్కంఠకూ ఉన్న తేడా అదే.

చిత్రం ఘన విజయం సాధించింది. కృష్ణకు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరు స్థిరపడింది. 1967లో ఇదే కథ హిందీలో ‘ఫర్జ్’గా వచ్చింది. రవికాంత్ నగాయిచ్ దర్శకుడిగా మారగా, జితేంద్ర నటించిన ఆ చిత్రమూ విజయవంతమైంది. నూటపదహార్ల ఆచారం తెలియని హిందీ ప్రేక్షకుల ముందుకూ కథానాయకుడు 116గానే వెళ్లాడు. అరవై ఏళ్ల నాటి ఆ అంకె ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. 2018లో వచ్చిన ‘గూఢచారి’ చిత్రం కూడా తన కథానాయకుడికి 116 సంఖ్యనే ఇచ్చింది.

గోదావరి ఒడ్డున నిశ్శబ్ద ఉత్కంఠ

మరుసటి ఏడాది ఆరుద్ర పాటలు సమకూర్చిన మరో చిత్రం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. బాపు తొలి చిత్రం ‘సాక్షి’ 1967లో విడుదలైంది. ముళ్లపూడి వెంకటరమణ కథ దానికి ఆధారం. పశ్చిమ దేశాల కౌబాయ్ చిత్రం ‘హై నూన్’ స్ఫూర్తి. స్టూడియో సెట్ల జోలికి పోకుండా గోదావరి తీరంలోని పులిదిండి గ్రామంలో చిత్రీకరించారు.

అమాయకుడైన బల్లకట్టు కిష్టయ్య ఒక హత్యను కళ్లారా చూస్తాడు. ఊరివారు వెన్నుతట్టగా న్యాయస్థానంలో సాక్ష్యం చెబుతాడు. హంతకుడు ఫకీరు జైలుకు వెళ్తాడు. ఆపై తప్పించుకుని వస్తున్నాడన్న కబురు తెలుస్తుంది. అంతవరకూ మెచ్చుకున్న ఊరు ఒక్కొక్క తలుపే మూసుకుంటుంది. ఇందులో గూఢచారులు లేరు, రహస్య స్థావరాలు లేవు. ఉన్నదల్లా ఒక పిరికివాడు, ముంచుకొస్తున్న గడువు, మూసిన తలుపులు. హంగులు లేకుండా భయాన్ని పుట్టించవచ్చని ‘సాక్షి’ నిరూపించింది. అందులోని పాటలు కథకు అడ్డుతగలకుండా, కథలోని మనుషుల మాటల్లా సాగాయి. బాపు రమణల తర్వాతి చిత్రాలు అనేకంటికి ఆరుద్ర పాటలు రాయడానికి బీజం ఇక్కడే పడింది.

ఎడారిలో నిధి వేట

1971లో కృష్ణ సొంత సంస్థ పద్మాలయా ‘మోసగాళ్లకు మోసగాడు’ నిర్మించింది. కె.ఎస్.ఆర్.దాస్ దర్శకుడు. భారతదేశంలో తొలి కౌబాయ్ చిత్రంగా ప్రసిద్ధి పొందిన దీనికి కథ, మాటలు ఆరుద్రవే. తెలుగునేలకు గుర్రపు బందిపోట్లు, ఇసుక తిన్నెలు, నిధి వేట తెచ్చిపెట్టడం అసంభవంగా తోచే పని. ఆరుద్ర ఆ కథకు అమెరికాను కాక, సంస్థానాలూ తెల్లవారి ఆక్రమణలూ ఉన్న మన గతాన్ని నేపథ్యంగా ఎంచుకున్నారు. అమరవీడు సంస్థానపు నిధి చుట్టూ కథ అల్లారు. చిత్రీకరణ రాజస్థాన్ ఎడారుల్లో జరిగింది. ఆంగ్లంలోకి అనువాదమై విదేశాల్లోనూ ప్రదర్శితమైంది. 2023 మే 31న కృష్ణ జయంతి సందర్భంగా సాంకేతికంగా మెరుగుపరచిన ప్రతిని మళ్లీ విడుదల చేసినప్పుడు కొత్త తరం కూడా థియేటర్లకు వెళ్లింది.

పన్నెండు సంపుటాల దర్యాప్తు

గూఢచారులకు కథలు రాస్తున్న రోజుల్లోనే ఆయన తన జీవితంలోకెల్లా పెద్ద దర్యాప్తులో తలమునకలై ఉన్నారు. పూర్వయుగం, చాళుక్య యుగం మొదలుకుని కంపెనీ యుగం, జమీందారీ యుగం దాకా తెలుగు సాహిత్యాన్ని పాలక వంశాల కాలాల వారీగా విభజించి, 1965 నుంచి 1968 మధ్య 12 సంపుటాలుగా ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ వెలువరించారు. విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లేదు. పరిశోధక బృందం లేదు. ఉన్నది సినిమా రచనతో వచ్చే ఆదాయం, పుస్తకాల గుట్టలు, పట్టుదల.

ఆయన పద్ధతి పరిశోధకుడిదే. ఒక కవి ఎప్పటివాడు, ఫలానా పద్యం నిజంగా అతడిదేనా, కృతి పొందిన రాజు ఎవరు అన్న ప్రశ్నలకు సంప్రదాయం చెప్పే జవాబును ఆయన వెంటనే నమ్మలేదు. శాసనాన్ని కావ్యంతో, కావ్యాన్ని చాటువుతో పోల్చి చూశారు. పొంతన కుదరనిచోట అనుమానం వ్యక్తం చేశారు. డిటెక్టివ్ నవలలో సాక్షుల మాటలను సరిపోల్చినట్లే కవి జీవితాల కథనాలను సరిపోల్చారు. ‘రాముడికి సీత ఏమవుతుంది’ గ్రంథంలోనూ ఇదే ధోరణి. లోకంలో మాటవరసకు అనుకునే సామెత ప్రశ్నను పట్టుకుని, వివిధ దేశాల రామకథల్లో ఆ బంధుత్వం ఎన్ని విధాలుగా మారిందో వెలికితీశారు. పండితుడి పరిశ్రమను సామాన్యుడు విడవకుండా చదివే కథనంగా మలచడం ఆయనకు అపరాధ నవల నేర్పిన విద్య.

ఈ శ్రమకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువ కాదు. పాట రాస్తే వచ్చే డబ్బు సాహిత్య చరిత్ర రాస్తే రాదు. సినిమా గడువులు ఒకవైపు, సంపుటాల గడువులు మరోవైపు తరుముతుండగా రాత్రీ పగలూ ఏకం చేశారు. పండితుల్లో కొందరు సినిమావాడు అన్నారు. సినిమావారిలో కొందరికి పండితుడు అన్న జంకు. ఇరుపక్షాల మధ్య నిలబడి రెండు పనులూ పూర్తిచేశారు.

మళ్లీ గురజాడ చెంతకు

‘సినీవాలి’, ‘కూనలమ్మ పదాలు’, ‘ఇంటింటి పజ్యాలు’ వంటి రచనలతో ఆధునిక కవిత్వానికి కొత్త నడకలు నేర్పిన ఆరుద్ర చివరి దశలో మళ్లీ విజయనగరం వైపు తిరిగారు. గురజాడ రచనలనూ జీవితాన్నీ శోధించి 1985లో ‘గురజాడ గురుపీఠం’ వెలువరించారు. ఈ గ్రంథానికి 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఏ కళాశాలలో గురజాడ పనిచేశారో అక్కడే చదువుకున్న విద్యార్థి, నాలుగు దశాబ్దాల తర్వాత ఆ మహాకవిపై రాసిన పుస్తకంతోనే దేశస్థాయి గుర్తింపు పొందారు. 1998 జూన్ 4న ఆరుద్ర కన్నుమూశారు. ఆయన సాహిత్యాన్ని కాపాడుతూ వచ్చిన రామలక్ష్మి 2023 మార్చిలో మరణించారు.

నేడు పాశ్చాత్య చిత్రాలనూ నవలలనూ తెలుగులోకి తెచ్చుకోవడం సర్వసాధారణమైంది. హత్యలు, దర్యాప్తులు లేని వారం లేదు. అయితే ఫ్రెంచి గూఢచారికి నూటపదహార్ల బొట్టు పెట్టి తెలుగువాడిగా మార్చడం, కౌబాయ్‌ని సంస్థానాల కాలంలోకి నడిపించడం వంటి అనుసరణకు కావలసింది మూలం ఒక్కటే కాదు. తనవారి ఆచారం, చరిత్ర, భాష ఎరిగి ఉండాలి. ఆరుద్ర వాటిని ఎరిగినవారు. అందుకే ఆయన చేతిలో పరాయి కథ పరాయిగా మిగల్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు కెమెరా చేతపట్టి చిన్న చిత్రాలు తీస్తున్న యువతకు ఆయన దారి పనికొస్తుంది. ఉత్కంఠ కోసం దూరదేశాలు వెతికేముందు, 1892లోనే విజయనగరం వేదికపై లేని హత్యకు కేసు నడిచిందని ఒకసారి గుర్తుచేసుకుంటే చాలు.